ఒక్క రూపాయి బేరం ఆడకుండా ఫ్రిజ్ కొంటానంటున్నాడు, నమ్మొచ్చా?

మియాపూర్_మాధవి · రాత్రి 8:52

అందరికీ నమస్తే. కాస్త అర్జెంటు, తెలిసినవాళ్ళు వెంటనే చెప్పండి. మా ఆయనకి వైజాగ్ ట్రాన్స్‌ఫర్ అయింది, నెలాఖరుకి ఇల్లు ఖాళీ చేయాలి. ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, సోఫా ఒక పాత సామాన్ల యాప్‌లో పెట్టాను. ఫ్రిజ్ డబుల్ డోర్, 260 లీటర్లు, నాలుగేళ్ళయింది, 14,000 అని పెట్టా. పెట్టి పది నిమిషాలు కాలేదు, ఒకతను ఫోన్ చేశాడు. హిందీలో మాట్లాడుతున్నాడు. ఆర్మీలో పని చేస్తాడట, సికింద్రాబాద్‌కి కొత్తగా పోస్టింగ్ వచ్చిందట, క్వార్టర్‌లోకి ఫ్రిజ్ కావాలట. 14,000 అంటే సరే అన్నాడు, రూపాయి తగ్గించమనలేదు. చూడటానికి కూడా రానన్నాడు. క్యాంపు నుంచి బయటికి వదలరట, రేపు పొద్దున వాళ్ళ బండే వచ్చి తీసుకెళ్తుందట. నేను అడక్కుండానే ఐడీ కార్డు, ఆధార్, యూనిఫామ్‌లో ఉన్న ఫొటో అన్నీ వాట్సాప్‌లో పంపేశాడు.

ఇప్పుడేమో డబ్బు ముందే వేసేస్తానని ఒక క్యూఆర్ కోడ్ పంపాడు. స్కాన్ చేస్తే నా అకౌంట్లో పడుతుందట. ఎందుకో మనసు ఒప్పుకోవట్లేదు. మా ఆయన డ్యూటీలో ఉన్నారు, ఫోన్ ఎత్తట్లేదు. వీడు మాత్రం అయిదు నిమిషాలకోసారి చేస్తూనే ఉన్నాడు.

నల్గొండ_నర్సి · 8:54

స్కాన్ చేయకు అక్కా. ఫోన్ పక్కన పెట్టి మంచినీళ్ళు తాగు ముందు.

లెక్కల_మాస్టారు · 8:57

అమ్మా, మీ వీధి చివర కిరాణా కొట్టులో క్యూఆర్ అంటించి ఉంటుంది కదా. దాన్ని స్కాన్ చేసేది కొట్టాయనా, మీరా? మీరే. స్కాన్ చేశాక డబ్బు ఎటు పోతుంది? కొట్టాయనకి. ఇతను పంపింది కూడా అదే, అతని కొట్టు బోర్డు. మీకు డబ్బు రావాలంటే మీ క్యూఆర్ అతను స్కాన్ చేయాలి, అతని పిన్ అతను కొట్టాలి. మీ వైపు నుంచి చేయాల్సిన పని ఒక్కటీ ఉండదు. డబ్బు వచ్చేటప్పుడు మనం నిద్రపోతున్నా వస్తుంది.

పిన్ కొట్టమన్నారంటే అక్కడితో మాట ముగించేయండి. డబ్బు పంపడానికో, బ్యాలెన్స్ చూసుకోవడానికో తప్ప పిన్‌తో పని లేదు.

మియాపూర్_మాధవి · 9:01

మాస్టారూ, నాకూ అదే అనుమానం వచ్చి అడిగాను. "మేడమ్, ఆర్మీ అకౌంట్ మామూలు అకౌంట్ లాంటిది కాదు, ఇందులో రివర్స్ ప్రాసెస్ ఉంటుంది" అన్నాడు. నమ్మకం లేకపోతే ముందు అయిదు రూపాయలు పంపి చూడమన్నాడు, తను పది తిరిగి వేస్తాడట. ఐడీ కార్డు మాత్రం నిజమైనదిలానే ఉంది, దాన్ని చూసే ఆగాను.

సూటిగా_సుత్తిలేకుండా · 9:03

ఈ ఆర్మీ కథ ఎన్నేళ్ళుగా పేపర్లో వస్తోంది, ఇంకా ఇలా అడిగేవాళ్ళు ఉన్నారా? చదువుకున్నవాళ్ళు కూడా ఇలా ఉంటే ఎలాగండీ.

మాజీ_హవల్దార్ · 9:10

పైనున్న సూటిగారికి: ఆవిడ స్కాన్ చేయకముందే వచ్చి అడిగింది, అది తెలివైన పని. వెక్కిరిస్తే రేపు ఇంకొకరు అడగకుండానే స్కాన్ చేస్తారు.

మాధవిగారూ, నేను పదిహేడేళ్ళు సర్వీసు చేశాను, అందుకే ఈ కథ వింటే ఒళ్ళు మండుతుంది. మాకూ మీలాగే బ్యాంకులో జీతం అకౌంటు ఉంటుంది, మీరు వాడే యూపీఐ యాప్‌లే మేమూ వాడతాం. రివర్స్ ప్రాసెస్, కాంటీన్ అకౌంటు, యూనిట్ క్యాషియర్ పంపుతాడు, ఇవన్నీ కట్టుకథలు. ఒక జవాను ఇంట్లోకి ఫ్రిజ్ కొనుక్కుంటే డబ్బు అతని జేబులోంచి వస్తుంది గానీ యూనిట్ ఎందుకు కడుతుంది? పాత ఫ్రిజ్ మోయడానికి ఆర్మీ లారీ మియాపూర్ దాకా వస్తుందా?

ఇక ఆ ఐడీ కార్డు. అది ఎవరో పాపం నిజం జవానుది అయ్యుండొచ్చు. ఈ మోసగాళ్ళు అలాంటి జవాన్ల దగ్గర ఏదో అమ్ముతామనో కొంటామనో చెప్పి కార్డు ఫొటో అడిగి తీసుకుంటారు, ఆ తర్వాత అదే ఫొటోతో వందమందిని ముంచుతారు. కాబట్టి మీరు కూడా మీ ఆధార్, పాన్ ఫొటో అతనికి పంపొద్దు. రేపు మీ పేరు మీద ఎవరికో ఫోన్ వెళ్తుంది. ఒక మాట గుర్తు పెట్టుకోండి: అడక్కుండా కార్డు చూపించే సైనికుణ్ణి నా సర్వీసులో నేను చూడలేదు. మేం గేటు దగ్గర అడిగితేనే తీస్తాం.

గోదారి_గట్టు · 9:18

రాద్దామా వద్దా అని ఆలోచించి రాస్తున్నా. ఇంట్లో మా ఆవిడకి తప్ప ఎవరికీ తెలియదు.

రెండేళ్ళ కిందట మా అబ్బాయి గేర్ సైకిల్ 4,500కి పెట్టాను. సరిగ్గా ఇదే మనిషి, ఇదే కథ, ఊరు మాత్రం మారింది, విశాఖ నేవీ అన్నాడు. ముందు అయిదు రూపాయలు పంపమన్నాడు, పంపా, నిజంగానే పది వచ్చింది. అక్కడే పడ్డాను. ఆ పది రూపాయలు నాకు పడ్డ ఎర. తర్వాత క్యూఆర్ పంపాడు. స్కాన్ చేస్తే తెర మీద 4,500, కింద చెల్లించండి అనే బటన్. "ఇది చెల్లించండి అంటోందేంటి" అని అడిగా కూడా. "సార్, అది నా వైపు నుంచి చెల్లింపు, మీకు అలాగే కనిపిస్తుంది, నేను లైన్లోనే ఉంటా, కట్ చేయకండి" అన్నాడు. పిన్ కొట్టా. పోయింది. "అయ్యో, సర్వర్ తేడా కొట్టింది, రిఫండ్ కోడ్ పంపుతున్నా" అని ఇంకోటి. అదీ కొట్టా. అలా నాలుగుసార్లు, 18,000.

ఇక్కడ చదువు సంగతి ఎత్తారు కదా, నేను డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను. ఆ పావుగంట నాకు బుర్ర పని చేయలేదు. మొదటి 4,500 పోయినప్పటి నుంచి నేను సైకిల్ అమ్మట్లేదు, పోయిన డబ్బు వెనక్కి తెచ్చుకునే ప్రయత్నంలో ఉన్నాను. వాడికి కావలసింది అదే. ఫోన్ పెట్టేశాక చూస్తే మా వాడి సైకిల్ వరండాలో అలాగే ఉంది, ఎవరికీ అమ్మబుద్ధి కాలేదు, ఇప్పటికీ ఉంది.

నల్గొండ_నర్సి · 9:20

అన్నా 🙏 రాసినందుకు.

కౌంటర్_నంబర్_3 · 9:27

బ్యాంకులో పని చేస్తాను, ఏ బ్యాంకో చెప్పను. గోదారిగారూ, ఫిర్యాదు ఎప్పుడు చేశారు?

గోదారి_గట్టు · 9:29

మర్నాడు సాయంత్రం. సిగ్గేసి.

కౌంటర్_నంబర్_3 · 9:41

అదేనండీ సమస్య. మా కౌంటర్ దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామంది మూడో రోజు వస్తారు. ముందు బ్రాంచికి వచ్చి మేనేజర్ కోసం కూర్చోకండి, ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. అర్ధరాత్రయినా సరే. లైను కలవకపోతే సైబర్ క్రైమ్ పోర్టల్ ఉంది, సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్, అందులో నేరుగా ఎక్కించొచ్చు. డబ్బు మొదట ఒక అకౌంటుకి పోతుంది, అక్కడి నుంచి నాలుగైదు అకౌంట్లకి చీలుతుంది, ఆ తర్వాత ఏటీఎంలో నోట్లయిపోతుంది. మీ ఫిర్యాదు పరుగు వాళ్ళ పరుగు కంటే ముందుంటేనే మధ్యలో ఏదో ఒక బ్యాంకు దాన్ని ఆపగలదు. ఫోన్ చేసేటప్పుడు లావాదేవీ తాలూకు యూటీఆర్ నంబరు, యూపీఐలో అయితే 12 అంకెలుంటుంది, ఎంత, ఎప్పుడు, ఎవరి యూపీఐ ఐడీకి పోయింది, ఇవి చేతిలో పెట్టుకోండి. వాళ్ళు అడిగేది ఇవే, మీ బాధ వినడానికి వాళ్ళకి టైం ఉండదు.

ఇంకో సంగతి. ఇంతకుముందు ఈ మోసగాళ్ళు "రిక్వెస్ట్" పంపేవాళ్ళు, మీ యాప్‌లో ఫలానావారు ఇంత అడుగుతున్నారు అని వచ్చేది, జనం డబ్బు వస్తోందనుకుని ఒప్పుకునేవాళ్ళు. మనిషి నుంచి మనిషికి పంపే ఆ రిక్వెస్ట్‌ని 2025 అక్టోబర్ 1 నుంచి ఎన్‌పీసీఐ, అంటే యూపీఐని నడిపే సంస్థ, ఆపించేసింది. మంచిదే. కానీ వ్యాపారుల రిక్వెస్టులు అలాగే ఉన్నాయి, క్యూఆర్ అలాగే ఉంది. ఒక తలుపు మూస్తే కిటికీలోంచి వస్తున్నారు.

మియాపూర్_మాధవి · 9:48

అయ్యో, ఇప్పుడు వేరే గొడవ. స్కాన్ చేయనని చెప్పేశాను. సరే మేడమ్, నేనే మీ నంబరుకి వేస్తా అన్నాడు. రెండు నిమిషాల్లో మెసేజ్ వచ్చింది, నా అకౌంట్లో 24,000 జమ అయిందని. వెంటనే ఫోన్: "మేడమ్, తొందరలో 14,000 బదులు 24,000 కొట్టాను, దయచేసి 10,000 వెనక్కి పంపండి, అమ్మ హాస్పిటల్లో ఉంది." నిజంగా ఎక్కువ వేశాడా? పరాయి సొమ్ము మనకెందుకు అని నాకు కంగారుగా ఉంది.

కౌంటర్_నంబర్_3 · 9:49

పంపొద్దు!! ఆ మెసేజ్ ఎవరి నుంచి వచ్చిందో పైన చూడండి. మీ బ్యాంకు పేరు కోడ్ ఉందా, పదంకెల మొబైల్ నంబరు ఉందా?

మియాపూర్_మాధవి · 9:51

మొబైల్ నంబరు అండీ. 9తో మొదలవుతోంది. లోపల మాత్రం అచ్చం బ్యాంకు మెసేజ్‌లా ఉంది.

కౌంటర్_నంబర్_3 · 9:55

ఏ బ్యాంకూ మొబైల్ నంబరు నుంచి జమ మెసేజ్ పంపదు. అది అతను కూర్చుని టైప్ చేసింది. ఇప్పుడు మీ యాప్ తెరిచి బ్యాలెన్స్ చూడండి. మెసేజ్ కాదు, అతను పంపే స్క్రీన్‌షాట్ కాదు, బ్యాలెన్స్. మా నాన్న పాతకాలం మనిషి, పాస్‌బుక్కులో ఎక్కితేనే డబ్బు అనేవాడు, అప్పట్లో నవ్వేవాణ్ణి.

ఒకవేళ నిజంగానే ఎక్కువ పడిందనుకోండి, అప్పుడు కూడా మీరుగా వెనక్కి పంపకండి, అతను చెప్పిన ఇంకో నంబరుకి అసలే పంపకండి. మీ బ్యాంకుకి రాతపూర్వకంగా చెప్పండి, తప్పుగా వేసినవాడు తన బ్యాంకులో ఫిర్యాదు చేసుకుంటాడు, బ్యాంకులు బ్యాంకులు చూసుకుంటాయి.

మియాపూర్_మాధవి · 9:58

బ్యాలెన్స్ చూశా. పైసా పడలేదు. చేతులు వణుకుతున్నాయి నాకు. అమ్మ హాస్పిటల్ అంటే ఒక్క క్షణం పంపేద్దామనే అనిపించింది.

నల్గొండ_నర్సి · 9:59

వాడి అమ్మ రోజుకి ఇరవై హాస్పిటళ్ళల్ల ఉంటది అక్కా.

మియాపూర్_మాధవి · 10:12

బ్యాలెన్స్ రాలేదని చెప్పేసరికి గొంతు మారింది. "నీ మీద కేసు పెడతా, ఆర్మీ పోలీసుల్ని ఇంటికి పంపుతా" అని. అప్పుడే మా ఆయన ఫోన్ చేశారు, చెప్తే బ్లాక్ చేయమన్నారు. చేశాను. మా ఫ్లాట్ నంబరు చెప్పలేదు గానీ అపార్ట్‌మెంటు పేరు చెప్పాను ముందే. భయపడాలా?

మాజీ_హవల్దార్ · 10:16

భయం లేదమ్మా. అతను ఎక్కడో వందల మైళ్ళ దూరంలో కూర్చుని ఉంటాడు. రాజస్థాన్ భరత్‌పూర్, హర్యానా నూహ్ వైపు ఈ పని చేసే ముఠాల మీద పోలీసులు చాలాసార్లు దాడులు చేశారు. మీ ఇంటికి రావడం అతని వ్యాపారం కాదు. ఆ నంబరు, క్యూఆర్, చాటింగ్ చెరిపేయకుండా ఉంచి, డబ్బు పోకపోయినా టెలికం శాఖ వాళ్ళ సంచార్ సాథీ పోర్టల్‌లో "చక్షు" అని ఉంటుంది, అందులో పెట్టండి. ఫోన్ నంబరు మీద ఫిర్యాదుకి అది.

పల్లె_పాలకేంద్రం · 10:25

ఫ్రిజ్‌లే కాదండోయ్. మా దగ్గర గేదెని పెట్టాం, ముర్రా, రెండో ఈత, వీడియో తీసి పెట్టాం. అవతలాయన చాలా తెలిసినవాడిలా పాలెన్ని, పొదుగు ఎలా ఉంది అని అడిగాడు, లారీ ఎక్కించేశానన్నాడు, డ్రైవర్‌కి డీజిల్‌కి 3,000 నువ్వు వెయ్యి, గేదెని ఎక్కించుకున్నాక మొత్తం కలిపి ఇస్తానన్నాడు. మా నాన్న ఫోన్ తీసుకుని ఒకటే అడిగాడు: "అబ్బాయ్, పూటకి ఒకసారి పాలు పిండించి చూసుకోకుండా గేదెని ఎవరు కొంటార్రా?" పెట్టేశాడు.

లెక్కల_మాస్టారు · 10:31

మీ నాన్నగారికి నమస్కారం. నేను ఇంత పొడుగు చెప్పింది ఆయన ఒక్క ప్రశ్నలో అడిగేశారు. మన జనం వంకాయలు పావుకిలో కొన్నా రెండు ఎక్కువ వేయమంటారు, 14,000 వస్తువుకి బేరం ఆడలేదంటే అతనికి వస్తువుతో పని లేదు.

క్లిక్_కిట్టు · 10:50

అందరూ దూరంగా ఉండి మోసం చేసేవాళ్ళ గురించే రాస్తున్నారు. నాది వేరు, ఇంటికొచ్చాడు, బేరం ఆడాడు, డబ్బు నిజంగా ఇచ్చాడు, అయినా దెబ్బ తిన్నాను. కాస్త పెద్ద కథ, ఓపికుంటే చదవండి.

నేను పెళ్ళిళ్ళ ఫొటోలు తీస్తాను. పాత కెమెరా, ఒక లెన్స్ కలిపి 62,000కి పెట్టా. ఒక కుర్రాడు కొండాపూర్‌లో మా స్టూడియోకి వచ్చాడు, షట్టర్ కౌంట్ ఎంత, అంటే ఇప్పటిదాకా ఎన్ని ఫొటోలు తీసింది అని అడిగాడు, లెన్స్ ఎత్తి ట్యూబ్‌లైట్‌కి పెట్టి ఫంగస్ ఉందేమో చూశాడు. పని తెలిసినవాడే అనుకున్నా. 58,000కి తెగింది. యూపీఐలో వేశాడు, నా అకౌంట్లో పడింది, బ్యాలెన్స్ చూసుకున్నా, అన్నీ సరే. పంపినవాళ్ళ పేరు మాత్రం ఎవరో ఆడమనిషిది. "మా అక్క అకౌంటు అన్నా" అన్నాడు. నేను పట్టించుకోలేదు.

పంతొమ్మిది రోజుల తర్వాత పెట్రోల్ బంకులో 300 కొడితే ఫెయిల్. బ్యాంకుకి వెళితే నా అకౌంటు మీద వేరే రాష్ట్రం సైబర్ పోలీసుల నుంచి హోల్డ్ పెట్టారన్నారు. విషయం ఏమిటంటే, ఆ కుర్రాడు అవతల ఎవరో ఒక పెద్దావిణ్ణి ఫోన్లో ముంచి, ఆవిడ చేతే నేరుగా నా అకౌంటుకి డబ్బు వేయించాడు. అంటే ఆవిడ ఫిర్యాదులో దొంగ ఎవరు? నేను. కెమెరాతో వాడు పోయాడు.

ఆ పెద్దావిడని తిట్టుకోలేను, ఆవిడ డబ్బు పోయింది, న్యాయంగా ఆవిడదే. నాకు మాత్రం రెండు నెలలు పట్టింది. ఈమెయిల్ మీద ఈమెయిల్, ప్రకటన స్క్రీన్‌షాట్, చాటింగ్, కెమెరా కొన్నప్పటి బిల్లు, స్టూడియో కెమెరా ఫుటేజీలో వాడు బ్యాగు పట్టుకెళ్తున్న ముక్క, అన్నీ పంపాక మిగతా డబ్బు వదిలారు, ఆ 58,000 అలాగే ఆగి ఉంది. సీజన్లో ఆల్బమ్ ప్రింటింగ్ వాళ్ళకి ఇవ్వాల్సిన డబ్బు అందులోనే ఇరుక్కుంది, మా బావమరిది దగ్గర అప్పు చేశాను.

సూటిగా_సుత్తిలేకుండా · 10:58

ఇది మాత్రం నాకు తెలియదు. నేను రెండు నెలల కిందటే ల్యాప్‌టాప్ అమ్మాను, పంపినవాడి పేరు ఏమిటో కూడా చూడలేదు. ఇందాక అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా మాధవిగారూ.

కౌంటర్_నంబర్_3 · 11:06

కిట్టు చెప్పినవి ఇప్పుడు మా దగ్గర చాలా చూస్తున్నాం. ఎదురుగా నిలబడ్డ మనిషి, డబ్బు పంపిన పేరు ఒకటే కావాలి. అక్క, బావ, ఫ్రెండ్ అంటే "సరే, వాళ్ళని మీ అకౌంటుకి వేయమనండి, మీ అకౌంటు నుంచి నాకు వేయండి" అనండి. నిజంగా అక్క అయితే వేస్తుంది. ఒక తెల్లకాగితం మీద వస్తువు, సీరియల్ నంబరు, ధర, తేదీ, ఇద్దరి సంతకాలు, కొన్నవాడి ఐడీ నంబరు రాసుకోండి. అతని ఐడీ చూసి ఫొటోతో పోల్చుకోండి. మొహమాటం అనిపిస్తుంది. రెండు నెలలు అకౌంటు ఆగితే అంతకంటే మొహమాటంగా ఉంటుంది, అప్పుల వాళ్ళ దగ్గర.

నల్గొండ_నర్సి · 11:09

గందుకే నేనైతే నోట్లే అంట. ఏ లొల్లీ ఉండదు.

లెక్కల_మాస్టారు · 11:15

నోట్లకి వాటి లొల్లి వాటికుంది నాయనా. మా పక్కింటాయన స్కూటర్ అమ్మి 38,000 తీసుకున్నాడు, 500 నోట్లలో ఆరు దొంగవి. చీకటి పడ్డాక సెల్‌ఫోన్ లైటులో లెక్కపెట్టుకున్నాడు.

కౌంటర్_నంబర్_3 · 11:19

పెద్ద మొత్తం నగదు అయితే కొనేవాణ్ణి వెంటబెట్టుకుని దగ్గర్లో ఉన్న క్యాష్ డిపాజిట్ మెషీన్‌కి వెళ్ళండి. దొంగ నోటయితే మామూలుగా మెషీన్ జమ చేయదు, నిజమైనవి అప్పటికప్పుడే మీ అకౌంట్లో పడతాయి. ఆ తర్వాతే తాళం చెవి చేతిలో పెట్టండి. ఇంకో మాట, ఒక్కరి దగ్గర నుంచి 2 లక్షలు, అంతకు మించి నగదుగా తీసుకోవడం ఇన్‌కమ్ టాక్స్ చట్టం ఒప్పుకోదు, కారు అమ్మేవాళ్ళు గుర్తుంచుకోండి. చెక్కు వేసిన స్లిప్పు చూపించి "వేసేశా, బండి ఇవ్వు" అంటారు కొందరు శనివారం సాయంత్రాలు. స్లిప్పు డబ్బు కాదు. క్లియర్ అయ్యాకే డబ్బు.

బెజవాడ_బుల్లెట్ · 11:34

బండి మాట వచ్చింది కాబట్టి. నా పాత బండి చూడటానికి ఇద్దరొచ్చారు బెంజ్ సర్కిల్ దగ్గరికి. ఒకడు ట్రయల్ వేసొస్తానన్నాడు, రెండోవాడు నా పక్కనే నిలబడ్డాడు కాబట్టి ధైర్యంగా ఇచ్చా. పది నిమిషాలైంది. పక్కనున్నవాడు ఫోన్ చెవిన పెట్టుకుని "ఎక్కడున్నావురా" అంటూ అటు నడిచాడు, ఆటో ఎక్కాడు. అంతే. వాడు నా చేతికిచ్చిన హెల్మెట్ ఒకటి మిగిలింది, అది కూడా పగిలింది. నా అదృష్టం, పెట్రోల్ నేను రిజర్వులోనే ఉంచా, కిలోమీటరున్నర దూరంలో రోడ్డు పక్కన వదిలేసి పోయారు. అప్పటి నుంచి ట్రయల్ అంటే వెనక నేను కూర్చుంటా, లేకపోతే మొత్తం డబ్బు నా చేతిలో పెట్టి వేసుకో అంటా.

ఇంతకంటే జనం తేలిగ్గా తీసుకునేది ఆర్సీ. డబ్బు తీసుకుని ఓనరు పేరు మార్చే ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టి ఇచ్చేసి, వాడే మార్పించుకుంటాడులే అని మర్చిపోతారు. వాడు మార్పించుకోడు. చలాన్లు మీకొస్తాయి. యాక్సిడెంట్ అయితే? 2018లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది, రిజిస్ట్రేషన్ ఎవరి పేరు మీద ఉంటే వాళ్ళే ఓనరు, చేతులు ఎన్ని మారినా సరే. అమ్మినవాడు కూడా 14 రోజుల్లో ఆర్టీఏకి చెప్పాలి, రాష్ట్రం లోపల అయితే. నేను ఇప్పుడు కొన్నవాడితో కలిసి స్లాట్ బుక్ చేసి, ఇద్దరం వెళ్ళి పని పూర్తి చేసుకుని, అక్కడే కొంచెం డబ్బు బాకీ పెట్టుకుని తీసుకుంటా. 2,000 బాకీ ఉంటే మనిషి తప్పకుండా వస్తాడు.

డాలస్_ఆవకాయ · 11:52

ఇక్కడ మాకు పగలు. మనవాళ్ళు ఇల్లు మారేటప్పుడు "మూవ్ అవుట్ సేల్" అని వాట్సాప్ గ్రూపుల్లో, ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లో పెడతారు. ఆర్మీ కథ ఇక్కడ లేదు, దాని అమెరికా అన్నదమ్ములున్నారు. ఒకటి: "నువ్వు నిజం మనిషివో కాదో తెలియాలి, నీ ఫోన్‌కి ఆరంకెల కోడ్ పంపా, చెప్పు" అంటాడు. ఆ కోడ్ చెప్తే మీ ఫోన్ నంబరు మీద వాడు గూగుల్ వాయిస్ నంబరు, అంటే ఇంటర్నెట్ ఫోన్ నంబరు, తెరుచుకుంటాడు, దాంతో వేరేవాళ్ళని ముంచుతాడు. కొత్తగా వచ్చిన స్టూడెంట్లు ఎక్కువ పడతారు దీంట్లో.

రెండోది జెల్, అంటే ఇక్కడ బ్యాంకు అకౌంట్ల మధ్య డబ్బు పంపుకునేది, మన యూపీఐ లాంటిది. "డబ్బు పంపా, కానీ నీ అకౌంటు బిజినెస్ అకౌంటు కాదు, అందుకని ఆగింది, 300 డాలర్లు కలిపి పంపితే అప్‌గ్రేడ్ అవుతుంది, అవి వెనక్కి ఇవ్వు" అని ఒక ఈమెయిల్ వస్తుంది, జెల్ పేరుతోనే. ఈమెయిల్ చూసి నమ్మకండి, బ్యాంకు యాప్ చూడండి, కౌంటర్‌గారు చెప్పిందే ఇక్కడా. మూడోది క్యాషియర్స్ చెక్, మన డీడీలా బ్యాంకే ఇచ్చే చెక్కు. బ్యాంకు రెండు రోజుల్లో డబ్బు వాడుకోనిస్తుంది, రెండు వారాల తర్వాత చెక్కు దొంగదని తేలితే మీ అకౌంట్లోంచి లాగేస్తుంది. సోఫా పోయింది, డబ్బు పోయింది. నేనైతే మా ఊరి పోలీస్ స్టేషన్ పార్కింగ్‌కి రమ్మంటా, అమ్మకాల కోసమే కెమెరాలు పెట్టి చోటు కేటాయించిన స్టేషన్లు చాలా ఉన్నాయి ఇక్కడ. రానన్నవాడు రానట్టే.

మియాపూర్_మాధవి · మర్నాడు ఉదయం 7:40

రాత్రంతా చదివాను. అందరికీ చాలా థాంక్స్. ఒక సందేహం మిగిలింది. ఫ్రిజ్, సోఫా మోసుకుని పోలీస్ స్టేషన్‌కి వెళ్ళలేను కదా, ఇంటికే రమ్మనాలి. పగలు నేను, పాప మాత్రమే ఉంటాం.

గోదారి_గట్టు · 7:58

మా చెల్లెలు చేసింది చెప్తా. ప్రకటనలో ఇల్లు ఖాళీ చేస్తున్నామని రాయలేదు, తొందరలో ఉన్నామని తెలిస్తే ధర తగ్గిస్తారు, అది వేరే సంగతి. ఫొటోల్లో కిటికీలోంచి బోర్డులు, గోడ మీద పిల్లల స్కూలు ఫొటోలు లేకుండా చూసుకుంది. కొనేవాళ్ళని ముందు వీడియో కాల్ చేయించి ఫ్రిజ్ చూపించింది. వీడియోకి రానివాళ్ళని వదిలేసింది. వచ్చేవాళ్ళని ఆదివారం పదకొండింటికే రమ్మంది, వాచ్‌మన్ దగ్గర పేరు రాయించి పైకి పంపమంది. చిన్న సామానైతే సెల్లార్‌లోకి దించి పెట్టింది.

మాజీ_హవల్దార్ · 8:05

ఇంకోటి. యాప్‌లోనే మాట్లాడండి, వాట్సాప్‌కి రమ్మంటే వెళ్ళకండి. ఎవరైనా ఏదైనా ఫైల్ పంపి "ఇది గేట్‌పాస్, ఇన్‌స్టాల్ చేయండి" అన్నా, స్క్రీన్ చూపించే యాప్ పెట్టుకోమన్నా, అదే మోసం, వేషం వేరు.

మియాపూర్_మాధవి · ఆదివారం సాయంత్రం 6:20

ఫ్రిజ్ అమ్ముడుపోయింది!! నిజాంపేట నుంచి కొత్తగా పెళ్ళయిన జంట, వెంట ఆ అమ్మాయి వాళ్ళ అత్తగారు. ఆవిడ వచ్చీ రాగానే డోర్ మూసి మధ్యలో ఒక కాగితం పెట్టి లాగింది, రబ్బరు గట్టిగా పడుతోందో లేదో చూడటానికి. ఫ్రీజర్‌లో గిన్నెడు నీళ్ళు పెట్టమంది. ట్రేలు బయటికి తీసి మూలల్లో పగుళ్ళు వెతికింది. తర్వాత 9,000 అంది! నేను 13,000 అన్నా. ముప్పావుగంట. 11,200కి తెగింది, స్టెబిలైజర్ ఊరికే ఇవ్వాలని. ఇచ్చేశా. అబ్బాయి తన ఫోన్ నుంచే వేశాడు, పేరు చూసుకున్నా, బ్యాలెన్స్ చూసుకున్నా, కాగితం మీద సంతకం పెట్టమంటే అత్తగారు "మంచిపని చేశావమ్మా" అంది. ట్రాలీ ఆటోలో ఎక్కించి తీసుకెళ్ళారు.

సోఫా మా పనమ్మాయికి ఇచ్చేశాం. వాషింగ్ మెషీన్ ఒక్కటే మిగిలింది, 7 కిలోలది, టాప్ లోడ్. ఇక్కడ ఎవరికైనా కావాలంటే 8,000.

నల్గొండ_నర్సి · 6:31

మోటర్ చప్పుడొస్తదా అక్కా? 5,500కి అయితే చెప్పు, ఇప్పుడే వస్త.

మియాపూర్_మాధవి · 6:33

నువ్వు నిజమైన కొనుగోలుదారుడివే తమ్ముడూ. 7,500. వచ్చి చూసుకో.